పిల్లికి పెట్టే చేపముద్ద

పరమ లోభిని గురించి చెప్పవలసి వచ్చినప్పుడు మన పెద్దలు "వాడు పిల్లికి కూడా బిచ్చం పెట్టడు" అని ఒక్క మాటలో తేల్చివేస్తారు. గుమ్మం ముందు నిలిచి 'మ్యావ్' మన్న ప్రాణికి ఒక ముద్ద వేయడం గృహస్థధర్మాలలో అతి చిన్నదన్న భావం ఈ నానుడిలో ఇమిడి ఉంది. మన కార్మిక నివాస ప్రాంతాలలో ఈ ధర్మానికి లోటు లేదు. వరుసలుగా కట్టిన క్వార్టర్లు, వాటి మధ్య చెట్లు, వారాంతపు సంతలో చేపల దుకాణాలు ఉన్నచోట పిల్లులు ఉండడం సహజం. ఒక ఇంటి పిల్లలు పేరు పెడితే, మరొక ఇల్లాలు పాలు పోస్తుంది. మూడవ ఇంటి మెట్ల క్రింద అది పిల్లలను పెడుతుంది.

అయితే పెట్టే చేయి ఉన్నంత మాత్రాన సరిపోదు. ఏమి పెడుతున్నామో, ఎలా పెడుతున్నామో తెలిసి ఉండాలి. పిల్లి అనగానే మనకు స్ఫురించేవి రెండే పదార్థాలు: పాలు, చేపలు. ఈ రెండింటి విషయంలోనూ మనకు కొన్ని అపోహలు ఉన్నాయి. తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలను చూసి పారిపోయిందన్న కథ చదివి నవ్వని తెలుగు బాలుడు ఉండడు. కాని ఎదిగిన పిల్లులలో అనేకానికి పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి తగ్గిపోతుంది. అవి ఆశగా పాలు త్రాగుతాయి. ఆ తరువాత విరేచనాలతో బాధపడతాయి. ఆ విధంగా చూస్తే రామకృష్ణుడి పిల్లి అదృష్టవంతురాలే! పాల సంగతి అలా ఉంచి, ఇంట్లో చేపతో పిల్లికి ఆహారం తయారు చేయడం ఎలాగో, అందులో పాటించవలసిన జాగ్రత్తలు ఏమిటో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

మాంసమే ప్రాణాధారం

కుక్క మనతో పాటు అన్నం తిని బ్రతకగలదు. పిల్లి బ్రతకలేదు. శాస్త్రజ్ఞులు దీనిని విధిగా మాంసాహారి అయిన జంతువుల కోవలో చేర్చారు. కారట్‌లో, గుమ్మడిలో ఉండే పసుపుపచ్చని పదార్థాన్ని మన శరీరం 'ఏ' విటమిన్‌గా మార్చుకుంటుంది. పిల్లి శరీరానికి ఆ శక్తి లేదు. అది సిద్ధంగా ఉన్న 'ఏ' విటమిన్‌ను జంతు పదార్థాల నుంచే పొందాలి. తీపి రుచిని గుర్తించే నిర్మాణం కూడా దాని నాలుకపై పనిచేయదని 2005లో పరిశోధకులు వెల్లడించారు. మన పిల్లలు ప్రేమతో అందించే మిఠాయి ముక్క దానికి రుచిలేని ముద్ద మాత్రమే.

వీటన్నిటికంటె ముఖ్యమైనది టారిన్ అనే పోషక పదార్థం. ఇది మాంసంలో, చేపలో, ముఖ్యంగా జంతువుల గుండెకాయలో ఉంటుంది. ధాన్యాలలో, పప్పులలో, కూరగాయలలో దాదాపుగా ఉండదు. పాల మాంసకృత్తుతో తయారైన ఆహారం మీదనే ఉంచిన పిల్లులకు టారిన్ లోపించి కంటి వెనుక పొర క్షీణిస్తున్నదని 1975లో తేలింది. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పశువైద్యులు మరొక సంగతి కనుగొన్నారు. టారిన్ తక్కువైతే పిల్లి గుండె కండరం సాగి, బలహీనపడి, చివరకు ప్రాణం పోతుంది. సకాలంలో టారిన్ అందిస్తే ఆ గుండె తిరిగి కోలుకుంటుంది. పరిశ్రమలలో తయారయ్యే పిల్లి ఆహారాలలో టారిన్ పాళ్లు పెంచడం ఆ తరువాతనే జరిగింది.

శాకాహార కుటుంబాల సోదరీమణులు ఈ సంగతిని ప్రత్యేకంగా గమనించాలి. పెరుగన్నంతో పెరిగిన పిల్లి పైకి బొద్దుగానే కనిపించవచ్చు. అది ఇరుగుపొరుగు ఇళ్లలోనో, ఎలుకలను పట్టుకునో తన అవసరం తీర్చుకుంటూ ఉండవచ్చు. తలుపులు మూసి, బయటకు పోనీయకుండా పెంచే పిల్లికి ఆ అవకాశం లేదు. పెరుగన్నమే దాని సర్వస్వమైతే, మెల్లగా దాని చూపు, గుండె దెబ్బతింటాయి. ఇంట్లో మాంసం వండడం ఆచారానికి విరుద్ధమైతే, దుకాణంలో దొరికే సంపూర్ణ ఆహారాన్ని తెచ్చి పెట్టడం మంచిది.

చేప పిల్లికి సహజాహారమేనా?

మన ఇంటి పిల్లి పూర్వీకులు పశ్చిమాసియా, ఆఫ్రికా ప్రాంతాలలోని ఎడారి పిల్లులు. మానవుడు ధాన్యం నిల్వ చేయడం మొదలుపెట్టిన కాలంలో, గాదెల చుట్టూ చేరిన ఎలుకల కోసం అవి మన చెంతకు వచ్చాయి. సైప్రస్ ద్వీపంలో మనిషి ప్రక్కనే పూడ్చిన పిల్లి అవశేషాలు సుమారు 9,500 సంవత్సరాల నాటివి. ఎడారిలో పుట్టిన ఆ జంతువుకు ఎలుక, పిట్ట, బల్లి సహజాహారం. చేప కాదు.

నీటిలో దిగి చేపలను పట్టే పిల్లి వేరే ఉన్నది. కాకినాడ సమీపంలోని కోరింగ మడ అడవులలో, కృష్ణా నది సముద్రంలో కలిసేచోట ఉన్న మడ అడవులలో నివసించే నీటిపిల్లి ఆ జాతికి చెందినది. అది ఇంటి పిల్లికంటె పెద్దది. వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్న అరుదైన జంతువు. దానిని చూసి ఇంటి పిల్లికి కూడా చేప ఒక్కటే చాలునని అనుకోరాదు.

మరి ఇంటి పిల్లికి చేప అంటే అంత మోజు ఎందుకు? దీనికి సమాధానం 2023లో లభించింది. పిల్లి నాలుక తీపిని గుర్తించకపోయినా, మాంసరసాల కమ్మదనాన్ని చక్కగా గుర్తిస్తుంది. ఆ కమ్మదనాన్ని కలిగించే రసాయనాలు ట్యూనా వంటి చేపలలో పిల్లి నాలుకకు సరిగ్గా నప్పే పాళ్లలో ఉన్నాయని పరిశోధకులు వివరించారు. అంటే, చేప దానికి అలవాటైన భోజనం కాదు, అత్యంత రుచికరమైన వంటకం. పండుగనాటి బూరెలు రోజూ తింటే మనకు ఏమవుతుందో, చేప ఒక్కటే రోజూ తిన్న పిల్లికీ అటువంటి చిక్కులే వస్తాయి.

పచ్చి చేపలో దాగిన ప్రమాదం

చేపలు శుభ్రం చేస్తూ తలో తోకో పిల్లికి విసరడం మనకు పరిపాటి. ఎప్పుడో ఒక ముక్క తిన్నందువలన ప్రమాదం రాదు. కాని పచ్చి చేపే రోజువారీ ఆహారమైతే మాత్రం ముప్పు తప్పదు. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతి వంటి జాతులతో సహా అనేక చేపల పచ్చి మాంసంలోను, పేగులలోను బి-1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఒకటి ఉన్నది. ఈ సంగతి మొదట బయటపడినది పిల్లులలో కాదు, నక్కలలో. 1930 దశకంలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో చర్మాల కోసం నక్కలను పెంచే ఒక క్షేత్రంలో, పచ్చి చేపలు మేపిన నక్కలు పక్షవాతం వచ్చి చనిపోయాయి. కారణం వెదకగా చేపలోని ఆ గుణం తెలిసింది.

బి-1 లోపించిన పిల్లి మొదట ఆహారం మానివేస్తుంది. తరువాత తూలుతూ నడుస్తుంది. మెడ నిలబెట్టలేక గడ్డాన్ని రొమ్ముకు ఆనిస్తుంది. చివరకు మూర్ఛలు వస్తాయి. తొలిదశలోనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్తే విటమిన్ సూదిమందుతో త్వరగా కోలుకుంటుంది. ఆలస్యమైతే దక్కదు. చేపను మంచుపెట్టెలో గడ్డకట్టించినంత మాత్రాన ఈ దోషం పోదు. బాగా ఉడికిస్తే పోతుంది. పచ్చి చేపలో ఉండగల క్రిముల పిల్లలు కూడా ఉడకబెట్టడంతో నశిస్తాయి.

నూనె ఎక్కువగా ఉండే చేపలు మాత్రమే చాలాకాలం పెడితే మరొక వ్యాధి వస్తుంది. 'ఇ' విటమిన్ చాలక చర్మం క్రింది కొవ్వు పసుపురంగుకు తిరిగి గట్టిపడుతుంది. పిల్లిని ఎత్తుకోబోతే నొప్పితో అరుస్తుంది. ముట్టుకుంటే కరుస్తుంది. "ఇదివరకు ఒళ్లో పడుకునేది, ఇప్పుడు దగ్గరకు రానివ్వడం లేదు" అని అనుకునే ముందు అది ఏమి తింటున్నదో ఆలోచించాలి.

మినమాటా పిల్లులు చెప్పిన పాఠం

చేపలు, పిల్లులు, కర్మాగారాలు ఈ మూడింటి సంబంధాన్ని ప్రపంచానికి తెలియజేసిన విషాదం జపాన్‌లోని మినమాటా పట్టణంలో జరిగింది. పారిశ్రామిక కుటుంబాలకు చెందిన మనం దీనిని తప్పక తెలుసుకోవాలి.

మినమాటా అఖాతం ఒడ్డున చిస్సో సంస్థవారి రసాయన కర్మాగారం ఉండేది. 1950 దశకం తొలి సంవత్సరాలలో అక్కడి జాలరి పల్లెలలోని పిల్లులు వింతగా ప్రవర్తించసాగాయి. తూలుతూ, గిరగిర తిరుగుతూ, నాట్యం చేస్తున్నట్లు ఎగిరిపడి, కొన్ని సముద్రంలో పడి చనిపోయేవి. 1954లో ఒక పల్లెలో పిల్లులు దాదాపు అంతరించి, ఎలుకల బెడద పెరిగిపోయింది. ఎలుకలను నిర్మూలించమని గ్రామస్థులు పురపాలక సంఘాన్ని కోరిన వార్త స్థానిక పత్రికలో అచ్చయింది. అప్పటికి దాని వెనుక ఉన్న కారణం ఎవరికీ తట్టలేదు. 1956 మే నెలలో అవే లక్షణాలు పిల్లలలో కనబడినట్లు కర్మాగార ఆసుపత్రి అధిపతి డాక్టర్ హజిమె హొసొకవ అధికారులకు తెలియజేశారు.

ఆ వైద్యుడు అంతటితో ఊరుకోలేదు. 1959లో కర్మాగారం నుంచి వచ్చే వ్యర్థజలాన్ని ఆహారంలో కలిపి ఒక పిల్లికి పెట్టారు. ప్రయోగాల పట్టికలో అది 400వ నెంబరు పిల్లి. అక్టోబరు నాటికి దానిలో వ్యాధి లక్షణాలు స్పష్టంగా కనిపించాయి. కాని సంస్థ యాజమాన్యం ఆ ఫలితాన్ని బయటపెట్టలేదు. వ్యర్థజలంలోని పాదరస సమ్మేళనమే కారణమని జపాన్ ప్రభుత్వం అధికారికంగా ప్రకటించేసరికి 1968 వచ్చింది. 1970లో మరణశయ్యపై ఉన్న హొసొకవ న్యాయస్థానం ఎదుట తన ప్రయోగం గురించి సాక్ష్యమిచ్చారు. 1973లో తీర్పు బాధితుల పక్షాన వచ్చింది.

మనుషులకంటె ముందు పిల్లులే ఎందుకు బలయ్యాయి? వాటి శరీరం చిన్నది, ఆహారమంతా చేపే. నీటిలోని విషాన్ని చిన్న చేప స్వీకరిస్తుంది. దానిని తిన్న పెద్ద చేపలో అది పేరుకుంటుంది. ఈ సూత్రం నేటికీ వర్తిస్తుంది. అందుచేత పిల్లికి సొర, పెద్ద ట్యూనా, పెద్ద వంజరం వంటి వేటచేపల కంటె చిన్న చేపలే క్షేమకరం. కర్మాగారాల కాలువలలో, మురుగు కలిసే కుంటలలో సరదాకు పట్టిన చేపలను మనం తినరాదు, పిల్లికీ పెట్టరాదు.

ఏ చేప మంచిది?

కవళ్లు, కానాగడతలు, నెత్తళ్లు చవకగా దొరికే చిన్న సముద్రపు చేపలు. వీటిని ప్రెషర్ కుక్కర్‌లో ఎక్కువసేపు ఉడికిస్తే ముళ్లు మెత్తబడి వ్రేళ్ల మధ్య నలిగిపోతాయి. కొర్రమీను, చందువా చేపలలో ముళ్లు తక్కువ కాబట్టి ఏరివేయడం సులభం. బొచ్చె, శీలావతి చేపల కండలో రెండుగా చీలిన సన్నని ముళ్లు విరివిగా ఉంటాయి. వాటిని వాడదలచినప్పుడు వెలుతురులో కూర్చొని, ఉడికిన కండను చేతితో విడదీసి, ప్రతి ముల్లూ తీసివేయాలి. పిల్లి గొంతులో దిగిన ముల్లును తీయడానికి మత్తుమందు ఇవ్వవలసి వస్తుంది.

చేప తాజాగా ఉండాలి. మొప్పలు ఎర్రగా, కళ్లు తేటగా ఉండి, కండను నొక్కితే తిరిగి పైకి లేవాలి. కానాగడత వంటివి ఎండలో ఉండిపోతే వాటిలో తయారయ్యే విషపదార్థం ఎంత ఉడికించినా పోదు. ఉప్పు పట్టించిన ఎండుచేపలు పిల్లికి తగవు. బొచ్చె, శీలావతి చేపల పిత్తాశయం విషపూరితం. మూత్రపిండాలను దెబ్బతీసే ఆ విషం కూడా ఉడికించినా నశించదు. కాబట్టి పేగులను, పిత్తాన్ని పూర్తిగా తీసి, పిల్లులకు అందకుండా పారవేయాలి.

తయారు చేసే విధానం

కావలసినవి: శుభ్రం చేసిన చిన్న చేపలు 400 గ్రాములు, కోడి గుండెకాయలు 100 గ్రాములు, ఎముకలు లేని కోడి తొడమాంసం 100 గ్రాములు, కోడి కాలేయం 20 గ్రాములు, గుడ్డు 1, తీపి గుమ్మడి ముక్కలు 2 చెంచాలు, నీరు 1 గ్లాసు. ఉప్పు, కారం, పసుపు, చింతపండు, నూనె వద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి అసలే తగలరాదు. ఆ రెండూ పిల్లి రక్తంలోని ఎర్రకణాలను విచ్ఛిన్నం చేస్తాయి. మనం తినే చేపల పులుసు పిల్లికి పెట్టకూడదనడానికి ప్రధాన కారణం ఇదే.

చేపల పొలుసు, పేగులు, రెక్కలు తీసి రెండుమూడు నీళ్లతో కడగాలి. నీరు పోసి కుక్కర్‌లో పెట్టి, మొదటి కూత వచ్చిన తరువాత మంట తగ్గించి 40 నిమిషాలు ఉంచాలి. నీరు ఇగిరిపోకుండా చూసుకోవాలి. చల్లారిన తరువాత నడిముల్లును వ్రేళ్లతో నలిపి చూడాలి. పొడిగా నలిగితే సరే, గట్టిగా ఉంటే తీసివేయాలి. వేరే గిన్నెలో కోడిమాంసం, గుండెకాయలు, కాలేయం, గుమ్మడి ముక్కలు కొద్ది నీటితో ఉడికించి, గుడ్డు కొట్టి కలపాలి. గుడ్డు పూర్తిగా ఉడకాలి. అన్నిటినీ కలిపి మెత్తగా మెదపాలి. ఉడికిన నీటిని ఎట్టి పరిస్థితులలోనూ పారబోయరాదు. టారిన్ నీటిలో కరిగే గుణం కలది. ఉడికేటప్పుడు చాలాభాగం ఆ నీటిలోకే దిగుతుంది. ఆ రసాన్ని ముద్దలో కలిపితే పోషణ దక్కుతుంది, నీళ్లు తక్కువ త్రాగే పిల్లికి తేమ కూడా అందుతుంది.

ముళ్లు తీసివేసిన చేపతో చేస్తే సున్నపు ధాతువు, అంటే కాల్షియం, లోపిస్తుంది. కండలో భాస్వరం ఎక్కువ, కాల్షియం అతి తక్కువ. వట్టి కండతో పెరిగిన పిల్లిపిల్లల ఎముకలు పలుచబడి, చిన్న దూకుడుకే విరుగుతాయి. దీనికి చక్కని ఉపాయం కోడిగుడ్డు పెంకు. పెంకులను కడిగి, పది నిమిషాలు నీటిలో మరిగించి, ఎండబెట్టి, పిండి వలె మెత్తగా పొడి చేసుకోవాలి. అర కిలో ఎముకలు లేని మాంసానికి అర టీచెంచా పొడి చాలును. ముళ్లతో సహా మెదిపినప్పుడు ఇది అక్కరలేదు.

ఎంత పెట్టాలి? ఎన్నాళ్లు పెట్టాలి?

ఇంట్లో తిరిగే 4 కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 నుంచి 250 కిలో కాలరీల ఆహారం కావాలి. పై ముద్దలో అది దాదాపు 150 నుంచి 200 గ్రాములు. రెండు మూడు సార్లుగా, గది ఉష్ణోగ్రతలో పెట్టాలి. మన వేసవిలో అరగంటకు మించి గిన్నెలో వదలరాదు. మిగిలినది రిఫ్రిజిరేటర్‌లో రెండు రోజులు నిలుస్తుంది. ఒకపూటకు సరిపడే ముద్దలుగా చేసి మంచుపెట్టెలో ఉంచుకుంటే, రాత్రి షిఫ్టు నుంచి వచ్చినవారు కూడా వేడినీటి గిన్నెలో ఉంచి క్షణాలలో సిద్ధం చేయవచ్చు.

ఈ ముద్దను వారంలో రెండు రోజులకు పరిమితం చేయడం మంచిది. తక్కిన రోజులలో సంపూర్ణ ఆహారంగా తయారైన దుకాణపు ఆహారం పెట్టాలి. కాలేయం రుచిగా తింటున్నదని రోజూ పెట్టరాదు. 'ఏ' విటమిన్ మితిమీరి మెడ ఎముకలు బిగుసుకుపోతాయి. కాడ్‌లివర్ నూనెకూ ఇదే హెచ్చరిక. 2019లో కాలిఫోర్నియా పశువైద్యులు పుస్తకాలలోను, ఇతరత్రా ప్రచారంలోను ఉన్న వందకు పైగా ఇంటి వంటకాలను పరిశీలించగా, లెక్కకట్టగలిగిన ప్రతిదానిలోనూ ఏదో ఒక పోషకం లోపించినట్లు తేలింది. ఈ వ్యాసంలోని వంటకాన్ని కూడా అదే దృష్టితో చూడాలి. పూర్తిగా ఇంటి వంటతోనే పెంచదలచినవారు పశువైద్యుని సంప్రదించి టారిన్, 'ఇ' విటమిన్, ఇతర లవణాల మోతాదును వ్రాయించుకోవాలి. పిల్లిపిల్లలకు, చూడి పిల్లులకు, మూత్రపిండాల వ్యాధి ఉన్న ముసలి పిల్లులకు వైద్యుని సలహా తప్పనిసరి.

బదిలీ వచ్చినప్పుడు

మన జీవితాలలో బదిలీలు, పదవీ విరమణలు, ఎల్.టి.సి. ప్రయాణాలు సహజం. ఒకే చేతి చేపముద్దకు అలవాటుపడిన పిల్లి, ఆ చేయి కనబడకపోతే మరేదీ ముట్టదు. మనిషి రెండు రోజులు ఉపవాసం ఉండవచ్చు. పిల్లి, అందునా లావుగా ఉన్న పిల్లి, రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు చేరి ప్రాణాపాయం ఏర్పడుతుంది. క్వార్టరు ఖాళీ చేసి తాళంచెవులు అప్పగించిన తరువాత, మూసిన తలుపు ముందు కూర్చున్న పిల్లి ఆకలి కంటె ఈ అలవాటు మూలంగానే ముందు చిక్కిపోతుంది.

కాబట్టి చిన్ననాటి నుంచే దానికి రెండు మూడు రకాల ఆహారం అలవాటు చేయాలి. కొత్త ఆహారాన్ని ఒక్కసారిగా మార్చక, వారం పది రోజులలో కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. బదిలీ ఉత్తర్వు అందిన నాడే పిల్లిని వెంట తీసుకుపోవడమా, నమ్మకమైన ఇంటికి అప్పగించడమా అన్నది నిర్ణయించుకోవాలి. అప్పగించేటట్లయితే, ఆ ఇంటివారి చేతితో ముందుగానే నాలుగు పూటలు పెట్టించాలి. వీధి పిల్లులకు అన్నం పెట్టే కుటుంబాలు వాటికి సంతాన నియంత్రణ శస్త్రచికిత్స కూడా చేయించగలిగితే, మెట్ల క్రింద ఆకలితో అలమటించే కూనల సంఖ్య తగ్గుతుంది.

పిల్లి కళ్లు మూసుకొని పాలు త్రాగుతూ తనను ఎవరూ చూడడం లేదనుకుంటుందట. పెట్టే మనం మాత్రం కళ్లు తెరిచే పెట్టాలి. దాని గిన్నెలో ఉన్నది తాజా చేపేనా, ముల్లు మిగిలిందా, ఉల్లి తగిలిందా, నిన్న తిన్నట్లే ఈరోజూ తిన్నదా అని చూసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. ఒకరోజంతా అన్నం ముట్టకపోతే ఇంటి వైద్యం చేయక, మనం వాడే జ్వరం మాత్రలు ఇవ్వక, సమీపంలోని పశువైద్యశాలకు తీసుకువెళ్లాలి. ఒక్క పారాసిటమాల్ బిళ్ల పిల్లి ప్రాణం తీయగలదన్న సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి.